కారంపొడి యూనిట్‌కు నిబంధనల సాయం: కావలి నుంచి కొన్నేళ్ల అనుభవం

కావలిలో మేము నడుపుతున్నది కారంపొడి, ధనియాలపొడి, సాంబారు పొడి తయారుచేసి పాకెట్లలో అమ్మే చిన్న యూనిట్. ఇటువంటి వ్యాపారానికి ఏయే నిబంధనలు వర్తిస్తాయో చెప్పేవారి కోసం కొన్నేళ్లుగా తిరిగిన అనుభవంతో, ఎవరి సాయం ఎంతవరకు పనికివచ్చిందో రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. యూనిట్ పెట్టేవారికి మన రాష్ట్రంలో సాయం దొరుకుతుంది, అదీ ఉచితంగా. పెట్టిన యూనిట్‌ను నిబంధనల ప్రకారం నడుపుకునే విషయంలో మాత్రం ఎవరికి వారే దిక్కు.

అన్నింటికంటే ఎక్కువగా పనికివచ్చింది నెల్లూరులోని జిల్లా పరిశ్రమల కేంద్రం. అందరూ డీఐసీ అని పిలిచే ఈ కార్యాలయానికి సబ్సిడీ కోసమే వెళ్లాలని చాలామంది అనుకుంటారు గాని, ఏ నిబంధన మనకు వర్తిస్తుందో, అంతకంటే ముఖ్యంగా ఏది వర్తించదో చెప్పగలిగినవారు అక్కడ ఉండడమే దాని అసలు ఉపయోగమని నేనంటాను. "మాకు ఏయే లైసెన్సులు కావాలండీ?" అని మేము అడిగితే, అక్కడి అధికారి నేరుగా జవాబు చెప్పకుండా, "మోటారు ఎన్ని హెచ్‌పీ అమ్మా? స్థలం మున్సిపాలిటీలో ఉందా, పంచాయతీలోనా? పనివాళ్లు ఎంతమంది? ఏడాదికి ఎంత అమ్ముతామనుకుంటున్నారు?" అని ఎదురు ప్రశ్నలు వేశారు. వింటున్నప్పుడు కాస్త విసుగనిపించిన మాట నిజమే. అయితే మా వంటి యూనిట్‌కు సంబంధించిన నిబంధనలన్నీ దాదాపుగా ఆ నాలుగు ప్రశ్నల మీదే నిలబడి ఉన్నాయి. విద్యుత్ కనెక్షన్‌లో ఎంత లోడు అడగాలో, కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో యూనిట్ ఏ రంగు వర్గంలోకి వస్తుందో చూడడానికి మోటారు సామర్థ్యం కావాలి. ట్రేడ్ లైసెన్సు ఎవరి దగ్గర తీసుకోవాలో స్థలాన్ని బట్టి తేలుతుంది. ఫ్యాక్టరీ నిబంధనలు వర్తించేదీ లేనిదీ పనివాళ్ల సంఖ్య చెబుతుంది. ఆహార భద్రత సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చాలునా, లైసెన్సు కావాలా, జీఎస్టీ తప్పనిసరా అన్నవి అమ్మకాలను బట్టి ఉంటాయి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లినవారికి అక్కడ అరగంటలో దొరికే స్పష్టత, ఏమీ లేకుండా వెళ్లి "వివరాలు చెప్పండి" అన్నవారికి రోజంతా కూర్చున్నా దొరకదు.

రాష్ట్ర ప్రభుత్వ సింగిల్ డెస్క్ పోర్టల్ ఈ పనికి కొనసాగింపు. వేర్వేరు శాఖల అనుమతులకు ఒకే చోట దరఖాస్తు చేయడానికీ, ఫైలు ఎవరి దగ్గర ఆగిందో ఇంట్లో కూర్చుని చూసుకోవడానికీ అది బాగానే పనికివస్తుంది. ఏ అనుమతి కావాలో ముందే తెలిసినవారికే అది చుట్టం. తెలియనివారు డీఐసీకి వెళ్లి వచ్చాకే దాన్ని తెరవడం మేలు.

కన్సల్టెంట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. యూనిట్ లేఅవుట్ గీయించుకోవడం వంటి పనులకు వారికి డబ్బివ్వడంలో తప్పులేదు. కానీ మా దగ్గరకు వచ్చిన ఒకరు, చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు కూడా వేలల్లో అడిగారు. 2020 జులై 1 నుంచి అమలులో ఉన్న ఆ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. ఆధార్, పాన్ వివరాలు దగ్గర పెట్టుకుంటే మనమే చేసుకోవచ్చు. ప్రభుత్వ సైట్‌లా కనిపిస్తూ ఫీజు అడిగే ప్రైవేటు సైట్లు కూడా ఉన్నాయి కాబట్టి, చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోవాలి.

ఇక యూనిట్ నడవడం మొదలయ్యాక సంగతి వేరు. ఆహార భద్రత సంస్థ దగ్గర మేము మొదట తీసుకున్నది ఏడాదికి వంద రూపాయల రిజిస్ట్రేషన్. అమ్మకాలు అప్పటి పరిమితి అయిన 12 లక్షలు దాటడంతో లైసెన్సుకు మారాము. రిజిస్ట్రేషన్ మీద నడిచే వారికి లేని వార్షిక రిటర్ను లైసెన్సు ఉన్న తయారీదారుకు ఉంటుందనీ, ఆర్థిక సంవత్సరం లెక్కలు మే 31లోగా దాఖలు చేయాలనీ, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున జరిమానా పడుతుందనీ మారే సమయంలో మాకు ఎవరూ చెప్పలేదు. లైసెన్సుతో వచ్చిన షరతులు పూర్తిగా చదివి మేమే తెలుసుకున్నాము. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలన్న సంగతి గుర్తుచేసేది కాటా రిపేరు చేసే అతను. పాకెట్ మీద ఎమ్మార్పీతో పాటు యూనిట్ ధర కూడా ఉండాలన్న నిబంధన అమలులోకి వచ్చినప్పుడు, ఆ మాట మాకు మొదట చెప్పింది స్టిక్కర్లు అచ్చువేసే ప్రెస్సు యజమాని. "మేడమ్, గ్రాముకు ఎంత పడుతుందో వేయకుండా డిజైను ఖాయం చేయబాకండి, మళ్లా అంతా మార్చాల్సొస్తది" అని ఆయన అచ్చు ఆపి మరీ ఫోన్ చేశారు. కిలో లోపు పాకెట్‌కు గ్రాము లెక్కన, అంతకు మించితే కిలో లెక్కన ధర వేయాలన్న తేడా కూడా ఆయనే వివరించారు. ఎవరి వృత్తికి మన కాగితంతో పని ఉంటుందో వారే మనకు గుర్తుచేస్తారు. ఎవరికీ పని లేని గడువులు మన నెత్తిన ఉంటాయి. అందుకే రెన్యువల్ తేదీలన్నీ ఒకే కాగితం మీద రాసి, ప్యాకింగ్ బల్ల పైన అంటించాము.

వార్డు సచివాలయం పత్రాలకు తప్ప మా విషయంలో అంతగా ఉపయోగపడలేదు. వాణిజ్య నిబంధనలు వారి రోజువారీ పని కాదు కనుక అది వారి లోపమని అనను. ఏదైనా శాఖలో ఫైలు కదలనప్పుడు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవడం మేలు. నోటిమాటగా అడిగినదానికి ఆ విలువ ఉండదు.

మేము ఊహించని మేలు మాత్రం ఆడిటరు వల్ల కలిగింది. ఒక దుకాణం మా సరుకు తీసుకుని నెలల తరబడి బిల్లు చెల్లించకపోతే, ఇక వదులుకోవడమే అనుకుంటున్న సమయంలో ఆయన 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం సంగతి చెప్పారు. దాని ప్రకారం మా వంటి తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటిన అటువంటి బాకీని కొన్నవారు చెల్లించేదాకా ఆదాయపు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకోవడానికి వీలులేదు. ఈ రెండు విషయాలూ, మా ఉద్యమ్ నంబరూ పేర్కొంటూ మర్యాదగా ఒక ఉత్తరం రాయించి రిజిస్టర్డ్ పోస్టులో పంపాము. మార్చి నెలాఖరులోగా అసలు మొత్తం మా ఖాతాలో జమ అయింది, ఇటువంటి బాకీల ఫిర్యాదుల కోసం ఉన్న సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవలసిన అవసరం రాలేదు. వడ్డీ మేము అడగలేదు. అప్పటి నుంచి ప్రతి బిల్లు మీదా జీఎస్టీ నంబరు కిందనే ఉద్యమ్ నంబరు కూడా అచ్చువేయిస్తున్నాము.