పుచ్చును ముందే పట్టించే నోటి అద్దం: కొనండి, పెట్టెలోని సూదిని మాత్రం వాడకండి

పన్ను పుచ్చిందని ఎక్కువమందికి తెలిసేది నల్లగా గుంట పడ్డాకే, లేదంటే చల్లటి నీళ్లు తగిలి జివ్వుమన్నాకే. అప్పటికి సిమెంటు పెట్టించుకోక తప్పదు. అంతకు చాలా ముందే పంటి మీద ఒక తెల్ల మచ్చ వస్తుంది. ఆ దశలో పట్టుకుంటే డ్రిల్లుతో పని లేదు, పన్ను తిరిగి గట్టిపడుతుంది. ఆ మచ్చను ఇంట్లోనే చూసుకోవడానికి పనికొచ్చేది దంతవైద్యులు వాడే చిన్న స్టీలు అద్దం. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్ల సర్జికల్ షాపుల్లో విడిగా అడిగి చూడండి. ఆన్‌లైన్‌లో అయితే సెట్టుగా వస్తుంది: అద్దం, కొక్కెంలా వంగిన సూది, పట్టుకారు, గార గీకే పనిముట్టు.

ముందు అద్దం సంగతి. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకదానికి మెరుపు పూత గాజు వెనక ఉంటుంది, రెండోదానికి గాజు పైనే ఉంటుంది. పెన్సిలు మొన మెల్లగా ఆనించి చూస్తే తేడా తెలిసిపోతుంది. మొనకూ దాని ప్రతిబింబానికీ మధ్య సందు కనిపిస్తే పూత వెనక ఉన్నట్టు, రెండూ అంటుకుని కనిపిస్తే పైన ఉన్నట్టు. వెనక పూత ఉన్న అద్దంలో ప్రతిదీ జంటగా, కొంచెం నీడతో కనిపిస్తుంది. పెద్ద గుంట చూడ్డానికి అది చాలు, మిల్లీమీటరు వెడల్పు తెల్ల గీతను పట్టుకోవడానికి చాలదు. నాలుగు డబ్బులు ఎక్కువైనా పైపూత ఉన్నదే తీసుకోండి. కాకపోతే దానికి ఇట్టే గీతలు పడతాయి కాబట్టి గిన్నెలు తోమే పీచు తగలనివ్వకూడదు. సబ్బు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. పెద్దవాళ్లకు 4వ నెంబరు (22 మిల్లీమీటర్లు) సరిపోతుంది.

చౌక సెట్లలో అసలు లోపం అద్దం తల బిగించే మర దగ్గర ఉంటుంది. మన డెల్టా తేమకు ముందు తుప్పు పట్టేదీ అక్కడే, వదులయ్యేదీ అక్కడే. పిల్లల నోట్లో పెట్టే ముందు ప్రతిసారీ తల తిప్పి చూసి బిగించండి. ఒకరు వాడిన అద్దం ఇంకొకరికి వద్దు, మనిషికొకటి ఉండాలి.

నోట్లో పెట్టగానే అద్దం మసకబారుతుంది. గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ముంచి తీసినా, బుగ్గ లోపలివైపు ఒకసారి రుద్దినా ఆ మసక పోతుంది. గాజు వేడి నోటి వేడికి దగ్గరైతే ఆవిరి పట్టదు, అంతే.

ఇక చూసే పద్ధతి. ఈ అద్దం మీద పెట్టిన డబ్బు దండగయ్యేది ఇక్కడే. తడి పంటి మీద తొలి పుచ్చు కనిపించదు. పాచిలో పుట్టే ఆమ్లం తిన్నచోట ఎనామిల్లో, అంటే పంటి పైనుండే గట్టి పొరలో, కంటికి ఆనని సన్నటి రంధ్రాలు పడతాయి. వాటిలో నీరు నిండి ఉన్నంతసేపూ వెలుగు దాదాపు మామూలుగానే లోపలికి పోతుంది. నీరు ఆరి గాలి చేరితే వెలుగు చెదిరి ఆ చోటు సుద్దముక్కలా తెల్లబడుతుంది. అందుకే ముందు బ్రష్ చేసి పాచి పూర్తిగా తీసేయాలి. పాచి కింద ఏమున్నా కనబడదు. తర్వాత పెదవి ఎత్తి పట్టుకుని, గాజ్ గుడ్డతో పన్ను తుడిచి, చిన్న రబ్బరు బల్బుతో ఐదారు సెకన్లు గాలి కొట్టాలి. పట్టుకారు పనికొచ్చేది ఇప్పుడే, బుగ్గకూ పంటికీ మధ్య దూది పెట్టడానికి. పగటి వెలుగులో అరుగు మీద కూర్చుని చూడటం మేలు. ఫోను టార్చి వాడితే పక్క నుంచి పట్టండి. ఎదురుగా వేస్తే తడి మెరుపే తెల్ల మచ్చలా కనిపించి కంగారు పెడుతుంది.

తడిలోనే మచ్చ కనిపిస్తుంటే పుచ్చు మరికాస్త లోతుకు పోయిందని అర్థం. ఆరబెడితేనే కనిపించేది అంతకు ముందు దశ.

చిన్నపిల్లలకు ముందుగా చూడాల్సింది పైవరస ముందు పళ్లు. పై పెదవి ఎత్తితే చిగురును ఆనుకుని, చిగురు వంపుతోపాటే నడిచే తెల్ల గీత కనిపిస్తుందేమో చూడండి. రాత్రి పంచదార పాల సీసాతో నిద్రపోయే పిల్లల్లో పుచ్చు మొదలయ్యేది అక్కడే. కింది ముందు పళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, లాలాజలం తడుపుతుంది కాబట్టి అవి చాలావరకు తప్పించుకుంటాయి. పాల పళ్లకు ఎనామిల్ పలచన. తెల్ల గీత గోధుమ రంగు గుంటగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు. "ఎలాగూ ఊడిపోయేవేగా" అని వదిలేయడం చాలా ఇళ్లలో వింటాం. ఆ పళ్లు లేకపోతే పిల్ల నమలలేదు, సలుపుతో నిద్ర పోదు, పక్క పళ్లు ఒరిగి కొత్త పళ్లకు చోటు మిగలదు.

ఆరేళ్ల వయసులో పాల పళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. అదీ పాలపన్నేనని పెద్దవాళ్లు పొరబడతారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని గాడుల్లోకి బ్రష్ కుచ్చు కూడా దూరదు. ఒక సంగతి గుర్తుంచుకోండి: గాడిలో నల్ల గీత ఉన్నంత మాత్రాన పుచ్చని కాదు, మరక కావచ్చు. గాడికి రెండు పక్కలా సుద్ద తెలుపు ఉన్నా, లోపలి నుంచి బూడిదరంగు నీడ కనిపించినా అనుమానించాలి.

పెద్దవాళ్లలో చిగురు దిగిపోయి వేరు బయటపడిన చోట చూడాలి. వేరుకు ఎనామిల్ ఉండదు. అక్కడ పుచ్చు తెల్లగా కాదు, పసుపు, లేత గోధుమ రంగుల్లో మొదలవుతుంది. కిళ్లీ, వక్కపొడి మరకలు ఉన్నవాళ్లకు ఇంట్లో తేల్చుకోవడం కష్టం. వాళ్లు నేరుగా డాక్టరుకు చూపించుకోవడమే నయం.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మచ్చలతోనూ తికమక పడతారు. అవి కుడి ఎడమల్లో జత పళ్లమీద ఒకేలా, పంటికి అడ్డంగా సన్నటి మబ్బు గీతల్లా ఉంటాయి, పైన నునుపుగా మెరుస్తాయి. పుచ్చు మచ్చ మాత్రం పాచి నిలిచే చోట, చిగురు పక్కన, మెరుపు లేకుండా ఉంటుంది. క్లిప్పులు పెట్టించుకున్న కుర్రాళ్లకైతే క్లిప్పు చుట్టూ వస్తుంది. శుభ్రం సరిగా లేకపోతే నెల రోజుల్లోనే తేలుతుంది.

ఇప్పుడు సూది. సెట్టులో దీన్ని పెట్టడమే తప్పు. తెల్ల మచ్చ మీద పైపొర ఇంకా గట్టిగానే ఉంటుంది, డొల్ల దాని కింద ఉంటుంది. ఆ పైపొర నిలబడి ఉన్నన్నాళ్లే మచ్చ వెనక్కి మళ్లగలదు. సూదితో పొడిచి "గుచ్చుకుంటోందా" అని చూస్తే ఆ పొర విరిగి గుంట పడొచ్చు, పడితే ఇక అది పూడదు. తెలిసిన దంతవైద్యులు కూడా అలాంటి చోట మొన తేలిన సూది వాడరు, గుండ్రటి కొన ఉన్నది పెట్టి మెల్లగా జారుస్తారు. గార గీకేది కూడా ఇంట్లో వద్దు, చిగురు కోసుకుంటుంది.

ఫోనుకు కలిపే వైఫై కెమెరాలు కూడా అమ్ముతున్నారు. చూపు దూరం చాలా తక్కువ కాబట్టి చెయ్యి కాస్త కదిలినా బొమ్మ మసకే. వాటి బల్బులు ఎదురుగా వెలుగుతాయి కాబట్టి మెరుపు గొడవ మరీ ఎక్కువ. మూడు నెలల నాటి ఫోటోతో పోల్చుకోవడానికి పనికొస్తాయి. మొదటి కొనుగోలుకు అద్దమే నా ఓటు.

అద్దానికి అందని చోటు ఒకటుంది, పళ్ల మధ్య సందు. అక్కడి పుచ్చును ఎక్కువగా ఎక్స్‌రేలోనే పట్టగలరు. దారంతో శుభ్రం చేసేటప్పుడు ఎప్పుడూ ఒకేచోట పీచులు రేగుతున్నా, కొత్తగా ఒక సందులోనే మెతుకులు ఇరుక్కుంటున్నా అద్దంలో ఏమీ లేదని ఊరుకోకండి.

మచ్చ కనిపిస్తే భయపడక్కర్లేదు. పెట్టె మీద 1000 పీపీఎం ఫ్లోరైడ్ అని రాసి ఉన్న పేస్టు రోజుకు రెండుసార్లు వాడాలి. మూడేళ్ల లోపు వాళ్లకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత. రాత్రి తోముకున్నాక ఉమ్మేయాలి కానీ పుక్కిలించకూడదు. కచ్చిక, ఉప్పు పెట్టి రుద్దితే మచ్చ పోదు సరికదా, పన్ను అరుగుతుంది. తీపి మానేయమని ఎవరూ అనరు. తాపేశ్వరం కాజా భోజనం వెంటనే తినేస్తే ఒక్కసారితో పోతుంది, సాయంత్రమంతా కొంచెం కొంచెంగా కొరికితేనే చిక్కు. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లో పాచిలో పీహెచ్ (ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) ఎనామిల్ కరగడం మొదలయ్యే 5.5 కిందికి దిగుతుంది, మళ్లీ కోలుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. బెల్లం పూతరేకైనా పంచదార పూతరేకైనా పంటికి ఒకటే. సంక్రాంతి అరిసెలు, పాకుండల డబ్బాలు ఖాళీ అయ్యాక ఇంట్లో పిల్లలందరి పళ్లూ ఒకసారి ఆరబెట్టి చూడండి.

రెండు మూడు నెలలకు మచ్చ నునుపుగా, మెరుస్తూ కనిపిస్తే ఆగినట్టే, గోధుమ రంగు మిగిలినా ఫరవాలేదు. ఇంకా గరుకుగా, సుద్దగా ఉంటే దంతవైద్యుడి దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ (పంటికి అంటిపెట్టుకునే ఫ్లోరైడ్ పూత) పూయించాలి. గుంట పడినా, తీపికి లాగుతున్నా ఆగకుండా వెళ్లండి. నొప్పి మొదలై నిమిషం దాటినా తగ్గకపోయినా, రాత్రి పోటు లేపేస్తున్నా పుచ్చు నరం దాకా వచ్చినట్టు. భీమవరం, అమలాపురం, రాజానగరాల్లో దంత వైద్య కళాశాలలున్నాయి, ఓపీలో చూపించుకోవచ్చు. వెళ్లినప్పుడు "దవడ పళ్ల గాడులకు సీలెంటు వేయొచ్చా, సందులకు ఎక్స్‌రే కావాలా" అని మీరే అడగండి. సీలెంటు అంటే గాడుల్ని మూసేసే పూత.

అద్దం ఒక్కటే దొరికితే సెట్టు కొనొద్దు. సెట్టే దొరికితే సూదిని పిల్లలకు అందని చోట పెట్టేయండి.