“ఓపెన్ స్పెసిఫికేషన్ చూసి సొంతంగా రాసినం” అని అమ్మే మెసేజింగ్ యాప్‌తో జాగ్రత్త

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు రైస్ మిల్లులకు, చిట్ ఫండ్‌లకు, ప్రైవేటు దవాఖానలకు ఒక మెసేజింగ్ యాప్ తిప్పి అమ్ముతున్నరు. మీ పేరు, మీ లోగో వేసి ఇస్తరు. “సిగ్నల్ యాప్‌లో ఉండే ఎన్‌క్రిప్షనే (మెసేజ్‌ను మూడోవాళ్లు చదవకుండ దాచే పద్ధతి), ఓపెన్ స్పెసిఫికేషన్ (ఆ పద్ధతి ఎట్ల పనిచేస్తదో అందరికీ చెప్పే పత్రం) చూసి మేమే రాసినం, ఎవరి లైసెన్సూ అక్కర్లేదు” అంటరు. కొన్నవాళ్ల దగ్గరున్న ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) విప్పి చూస్తే ఆ మాట ఉత్తదే అని తేలింది.

అందులో సగం నిజం ఉంది, నమ్మేది అందుకే. ఆ ఎన్‌క్రిప్షన్ పద్ధతిని చెప్పే డబుల్ రాచెట్, ఎక్స్3డీహెచ్ పత్రాలు 2016లో వచ్చినయి. రాసినవాళ్లే వాటిని పబ్లిక్ డొమైన్‌లో పెట్టిన్రు. అవి చదివి ఎవరైనా కోడ్ రాసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాపీరైట్ రాతకే గానీ పద్ధతికి ఉండదు. మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె) కూడా గణిత పద్ధతులకు, అల్గారిథమ్‌లకు పేటెంట్ ఇవ్వదు. కానీ సిగ్నల్ వాళ్ల సొంత కోడ్ లిబ్‌సిగ్నల్ వేరే సంగతి, అది ఏజీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉంది. పత్రం అందరిదైనంత మాత్రాన కోడ్ అందరిది కాదు.

చూసుకునే తీరు ఇది. ఏపీకే ఫైలు ఎక్స్‌టెన్షన్‌ను జిప్ అని మార్చి తెరవండి. లిబ్ ఫోల్డర్‌లో లిబ్‌సిగ్నల్ జేఎన్ఐ (libsignal_jni.so) అనే ఫైలు కనపడితే ఇంకో రుజువు అక్కర్లేదు. కనపడకపోతే యాప్ కోడ్ ఉండే క్లాసెస్ డెక్స్ (classes.dex) ఫైలును, దాన్ని చదివి చూపే జాడ్‌ఎక్స్ (jadx) అనే టూల్‌లో తెరిచి “విస్పర్‌రాచెట్” (WhisperRatchet), “విస్పర్‌మెసేజ్‌కీస్” (WhisperMessageKeys) అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా వెతకండి. కోడ్‌ను గుర్తుపట్టకుండ చేసే ప్రోగార్డ్ అనే టూల్ క్లాసుల పేర్లు మారుస్తది గానీ ఈ స్ట్రింగ్‌లను మామూలుగా ముట్టదు. ఇవి కొత్త కీలు తయారుచేసే హెచ్‌కేడీఎఫ్ అనే ఫార్ములాకు ఇచ్చే లేబుల్స్. ఏం పెట్టుకోవాలన్నది స్పెసిఫికేషన్ చెప్పలేదు, కోడ్ రాసుకునేవాళ్లకే వదిలేసింది. సొంతంగా రాసినోళ్లకు సిగ్నల్ సంస్థ పాత పేరులోని (ఓపెన్ విస్పర్ సిస్టమ్స్) “విస్పర్” ఎట్ల తట్టింది? సిగ్నల్ యాప్ వాడేవాళ్లతో మెసేజ్‌లు మార్చుకునే యాప్ అయితే అవి అట్లనే ఉండాలె. ఇది అట్లాంటి యాప్ కాదు.

అట్లని కనిపించిన ప్రతి పోలికకూ లొల్లి పెట్టొద్దు. ఒక్కో మెసేజ్‌కు కొత్త కీ పుట్టించే చైన్ కీ కోసం హెచ్‌మ్యాక్ అనే ఫార్ములాకు 01, 02 బైట్లు ఇవ్వడం డబుల్ రాచెట్ పత్రంలోనే ఉంది. కీ మార్పిడి పద్ధతి ఎక్స్25519లో 32 బైట్ల సీక్రెట్ కీ మొదటి బైటులో కింది 3 బిట్లు సున్నా చేయడం ఆర్ఎఫ్‌సీ 7748 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెప్పిందే. ఎవరు రాసినా అవి ఒకే తీరుగ ఉంటయి. దొంగ దొరికేది స్పెసిఫికేషన్ ఏమీ చెప్పని చోట: సోర్స్ కోడ్‌లోని కామెంట్లు, వాటిల్లోని అక్షర తప్పులు, ఎర్రర్ మెసేజ్‌లు, ఫంక్షన్ల వరుస.

“జావా నుంచి డార్ట్‌లోకి మార్చినం కదా” (ఒక ప్రోగ్రామింగ్ భాష నుంచి ఇంకో దాంట్లోకి) అనేది ఇంకో సాకు. కాపీరైట్ చట్టం సెక్షన్ 14 ప్రకారం అనువాదం, అడాప్టేషన్ హక్కులు కూడా అసలు ఓనర్‌వే. లిబ్‌సిగ్నల్ చూసుకుంటూ లైను లైను మార్చిన కోడ్ సొంతం కాదు.

ఇరుక్కునేది కొన్నవాళ్లు. మీ లోగోతో ఆ ఏపీకేను కమీషన్ ఏజెంట్లకు, రైతులకు పంచితే, పంచినవాళ్లు మీరే. ఏజీపీఎల్ కోడ్ వాడడం తప్పు కాదు, పైసలు తీసుకోవడమూ తప్పు కాదు. కానీ యాప్ తీసుకున్నవాళ్లకు మొత్తం సోర్స్ కోడ్ అదే లైసెన్సు కింద అందాలె, నోటీసులు పీకెయ్యొద్దు. ఇక కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి: దొంగ కాపీ అని తెలిసీ ప్రోగ్రామ్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. నోటీసు వచ్చినంక మాకు తెల్వదంటే నడవదు.

“కోడ్ మొత్తం మీదే” అని నోటిమాట చెప్తే చెల్లదు. సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉండాలె. ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. 100 రూపాయల బాండ్ పేపర్ మీద రెండు లైన్లు రాసి ఇస్తే ఇవేవీ ఉండవు. వాడిన ప్రతి లైబ్రరీ పేరు, వెర్షన్, లైసెన్సు అగ్రిమెంట్‌కు జత చేయమనండి. గిట్ హిస్టరీ (కోడ్ ఎప్పుడెప్పుడు ఎట్ల మారిందో చెప్పే రికార్డు) అడగండి. రాచెట్ కోడ్ అంతా టెస్టులు లేకుండా ఒక్క కమిట్‌లో (ఒకేసారి చేసిన మార్పుగా) వచ్చి పడి ఉంటే ఆఖరి కిస్తీ ఆపండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందు పంచడం ఆపి సోర్స్ తెప్పించుకోండి. దాన్ని ఏజీపీఎల్ కిందనే అందరికీ ఇవ్వడం ఒక దారి. లేదంటే ఆ భాగం తీసేసి, అపాచీ 2.0 లైసెన్సు కింద ఉన్న వోడోజెమాక్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ పెట్టించుకోవచ్చు. అప్పుడు లైసెన్సు కాపీ, నోటీసులు వెంట ఉంచితే చాలు. హక్కుదారు నుంచి మొదటిసారి నోటీసు వస్తే, అందిన 30 రోజుల్లో సరిచేసుకున్నవాళ్లకు ఆ లైసెన్సు హక్కు తిరిగి వస్తది. ఆ నోటీసును అమ్మినోడికి వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసి ఊరుకుంటే ఆ గడువు ఆగదు.