ఊరుమ్మడి కోడ్‌కు కూలి ఎవరివ్వాలి: చందాదారులా, కంపెనీలా, సర్కారా?

ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అన్న ఒక్క మాట వల్ల, 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' ఉద్యమం మొదలుపెట్టిన అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ నలభై ఏళ్లుగా ఒకే వివరణ ఇచ్చుకుంటున్నారు. ఫ్రీ అంటే ఊరికే వచ్చేదని కాదు, సాఫ్ట్‌వేర్ కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకునే స్వేచ్ఛ ఉన్నదని. 1983లో అలాంటి సాఫ్ట్‌వేర్ రాయడానికి గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచీ ఇదే తంటా. మనకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపేవాళ్లు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకున్నారు. అయితే ఏ మాట వాడినా ఒక ప్రశ్న అలాగే ఉంటుంది: కోడ్ అందరిదీ అయితే, రాసేవాడి ఇల్లు గడిచేదెలా?

ఇది కమ్యూనిజమా, క్యాపిటలిజమా అని వాదించుకోవడం నాకు దండగ అనిపిస్తుంది. 2001లో, ఇలా కోడ్ అందరిదీ అయిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను క్యాన్సర్‌తో పోల్చింది అప్పటి మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్. 2018లో 750 కోట్ల డాలర్లు పోసి, ఇలాంటి కోడ్ ఉంచి పంచుకునే గిట్‌హబ్ సైట్‌ను కొన్నదీ అదే మైక్రోసాఫ్ట్.

నాకైతే ఇది ఊరి చెరువు లెక్క. నీళ్లు అందరివీ. కానీ తూము ఎప్పుడు తెరవాలి, కట్టకు బుంగ ఎక్కడ పడింది అని చూసుకోవడానికి తెలంగాణ ఊళ్లలో నీరటి ఉండేవాడు. పంట చేతికొచ్చాక రైతులు అతనికి గింజలు కొలిచేవాళ్లు. తేడా ఒక్కటే. చెరువు నీళ్లు వాడితే తగ్గుతాయి, కోడ్ ఎంతమంది వాడినా తగ్గదు. తగ్గేది నీరటి ఓపిక. అందుకే ఏ పద్ధతి మేలో చూడటానికి నా కొలత కూడా ఒక్కటే: కట్ట చూసేవాడికి గింజలు అందుతున్నాయా?

చందాల పద్ధతిలో అందవు. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు తెలిసిందేమిటంటే, బ్యాంకుల దగ్గర్నుంచి మెయిల్ దాకా ఇంటర్నెట్‌లో సమాచారాన్ని రహస్యంగా పంపడానికి అందరూ నమ్ముకున్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కోడ్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లట! 2024లో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే కోడ్ వ్యవహారం ఇంకా భయపెట్టింది. ఒంటరిగా లాక్కొస్తున్న మెయింటెయినర్, అంటే దాని నీరటి, అలసిపోయాడని కనిపెట్టి, సాయం చేసేవాడిలా చేరి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టారు ఎవరో. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి బతికిపోయాం.

పెద్ద కంపెనీలు చందా ఇవ్వొచ్చు కదా అంటారా? నేను పనిచేసిన ఒకచోట అడిగి చూశాను. మేనేజర్ సరేనన్నారు. అకౌంట్స్ ఆయనే, "బిల్లు లేకుండా డబ్బెలా ఇస్తాం బాబూ, ఆడిటర్‌కి ఏం చెప్పాలి?" అన్నారు. ఆయన తప్పేం లేదు. దానం చేయడానికి కంపెనీ పుస్తకాల్లో సులువైన గడి ఉండదు, కొనడానికి ఉంటుంది.

ఆ గడిని పట్టుకున్నది లినక్స్ అందించే రెడ్ హ్యాట్ కంపెనీ. కోడ్ అందరికీ వదిలేసి, సపోర్టుకు ఏటా డబ్బు తీసుకుంది. ఐబీఎం 2019లో దాన్ని 3,400 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. నీరటికి నెల జీతం దొరికేది ఇక్కడే కాబట్టి, చందాల కంటే కంపెనీ నయమని నా లెక్క. కానీ కంపెనీలన్నీ ఒకటి కావు. చూడాల్సింది కాపీరైట్ ఎవరి గుప్పిట్లో ఉందని. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ రాసేవాళ్లకు ఎన్నో కంపెనీలు జీతాలిస్తాయి. కాపీరైట్ మాత్రం వేల మంది చేతుల్లో చెదిరి ఉంది. ఎవరూ గేటుకు తాళం వేయలేరు. రెడిస్ అనే డేటాబేస్ కంపెనీ సంగతి అలా కాదు. క్లౌడ్ కంపెనీలు తమ కోడ్‌తో వ్యాపారం చేసుకుంటున్నాయని 2024 మార్చిలో, వాళ్లకు ఆ వీలు లేకుండా లైసెన్స్ మార్చేసింది. కోపం న్యాయమైనదే. కానీ రోజుల్లోనే పాత కోడ్ తీసుకుని వాల్‌కీ పేరుతో వేరుకుంపటి లేచింది. మరుసటి ఏడాది రెడిస్ మళ్లీ కోడ్ అందరికీ తెరిచే ఓపెన్ సోర్స్ లైసెన్స్ దారికి రాక తప్పలేదు.

సర్కారు మాటేమిటి? కేరళ బడుల్లో పిల్లలు గ్నూ/లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. జర్మనీలో మ్యూనిక్ నగరం కూడా ఏళ్ల తరబడి కష్టపడి లినక్స్‌కు మారింది, 2017లో కౌన్సిల్ మళ్లీ విండోస్‌కు ఓటేసింది. పాలకుల మనసు మారితే అంతే. పైగా వాడటం వేరు, కూలి ఇవ్వడం వేరు. ఆ రెండో పని అదే జర్మనీ 2022లో సావరిన్ టెక్ ఫండ్‌తో మొదలుపెట్టింది. ఎవరికీ లాభం కనిపించని, అందరూ నిలబడి ఉన్న పునాది కోడ్‌కు ప్రజల డబ్బు ఇవ్వడం. ఓపెన్‌ఎస్ఎస్ఎల్, ఎక్స్‌జెడ్ లాంటి వాటికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. అమ్ముకోగలిగిన వాటికైతే కంపెనీలే మేలు, ఒకటి కాదు, నాలుగైదు ఉంటే. చందాలు టీ ఖర్చులకు.

ఇక మా అకౌంట్స్ ఆయన లాంటివాళ్ల కోసం ఎస్‌క్యూలైట్ వాళ్లు ఒక దారి కనిపెట్టారు. మీ ఫోన్‌లో కూడా ఉండే ఈ డేటాబేస్ మీద ఎవరికీ కాపీరైట్ లేదు, దాన్ని వాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా కాగితం లేకపోతే నిద్రపట్టని కంపెనీల కోసం డబ్బు తీసుకుని ఒక హామీ పత్రం ఇస్తారు. బిల్లుతో సహా.