మొజంజాహీ మార్కెట్ దగ్గర వాచీలు బాగుచేసే పెద్దాయన

నాన్న హెచ్‌ఎంటీ జనతా వాచీ ఆగిపోయి ఆర్నెల్లయింది. రోజూ కీ ఇచ్చుకునే రకం, లోపల 17 జ్యువెల్స్, అంటే చక్రాల ఇరుసులు అరక్కుండా పెట్టే చిన్న రాళ్లు. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని 2016లో మూసేయాలని నిర్ణయించారు కాబట్టి విడిభాగాలు దొరకవేమోనని టెన్షన్. ఒక షోరూంలో వెనక మూత కూడా తీయకుండానే మిషన్ మొత్తం మార్చాలి, రెండువేల ఐదొందలు అన్నారు. మనసొప్పక తెచ్చేసుకున్నా.

హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్, అదే 1935లో కట్టిన రాతి మార్కెట్, దాని గడియారం కనబడేంత దూరంలోనే ఈ కొట్టు, ఒక్క మనిషి పడతాడంతే. పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని మూత తీసి నన్నూ చూడమన్నారు. "స్ప్రింగ్ బాగానే ఉందమ్మా, పాత నూనె గట్టిపడి చక్రాలు పట్టేశాయి, అంతే." గంటన్నర సేపు ఒక్కో చక్రం తీసి, కడిగి, ఆరబెట్టి, సూది మొనతో నూనె చుక్క పెట్టారు. మూడొందలు తీసుకున్నారు. డయల్ కూడా మెరిపించమంటే, "అక్షరాలు చెరిగిపోతాయి, మీ నాన్నగారి గుర్తు కదా, వద్దు" అన్నారు, వచ్చే డబ్బులు వదులుకుని మరీ.

నిజాయితీ అని గోడమీద రాసుకున్న కొట్లు చాలా చూశా. ఈయన ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు, కానీ ఇకమీద నాకు ఆ మాట వినగానే ఆ వేళ్లే గుర్తొస్తాయి.

కార్డు తీసుకోరు, నిలబడే ఎదురుచూడాలి. వాచీ రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోంది, అదీ ముందే చెప్పారు: "వారం చూసి తీసుకురా, సరిచేస్తా, డబ్బులొద్దు." మంగళవారం వెళ్తున్నా.