ట్యునీషియాకు పడమటి దేశాల సంస్కరణ సాయం: 5కి 2 మార్కులు

అప్పివ్వడం కూడా ఒక సేవే. దాన్ని ఎంత సొమ్ము ప్రకటించారన్న దాన్నిబట్టి కాక, ఎంత చేతికందింది, ఏ షరతు మీద, అందాక ఏం నిలిచిందన్న దాన్నిబట్టి తూచాలి.

అన్నిటిలోకీ బాగా పనిచేసింది ఎన్నికల సాయం. 2011 జనవరి 14న విప్లవం ధాటికి అధ్యక్షుడు బెన్ అలీ దేశం వదిలి పారిపోయారు. అదే ఏడాది అక్టోబర్ 23న, అప్పుడే పుట్టిన ఎన్నికల సంఘం 217 మంది రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిపించింది. యూరోపియన్ యూనియన్, అమెరికా స్వచ్ఛంద సంస్థ కార్టర్ సెంటర్ పరిశీలకులు వచ్చి చూశారు. ఈ భాగానికి పూర్తి మార్కులు.

అమెరికా ట్యునీషియా బాండ్లకు పూచీ నిలబడింది. 2012లో 48.5 కోట్ల డాలర్లకు, 2014లో 50 కోట్లకు, 2016లో ఇంకో 50 కోట్లకు. ఆ పూచీతో వడ్డీ 2014 బాండ్లకు 2.452 శాతం, 2016 వాటికి 1.416 శాతమే పడింది. సొంత పేరు మీద వెళ్తే ట్యునీషియాకు ఆ రేటు దొరికేది కాదు. తప్పంతా గడువుల దగ్గర జరిగింది. 2014 బాండ్లకు ఏడేళ్లు, 2016 వాటికి ఐదేళ్లు పెట్టడంతో రెండు అసళ్లూ 2021 జూలై, ఆగస్టుల్లోనే మీద పడ్డాయి. కోవిడ్‌తో టూరిజం కుదేలైన వేసవిలో, కొద్ది రోజుల తేడాతో 100 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) 2016 మేలో నాలుగేళ్లకు 290 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. సమీక్ష పాసైతేనే విడత వస్తుంది. విడత ఆగితే, దాన్ని నమ్ముకుని రాసుకున్న బడ్జెట్‌లో గండి పడుతుంది. ముఖ్యమైన షరతు ప్రభుత్వ జీతాల బిల్లును 2020కల్లా జీడీపీలో 12.4 శాతానికి దించడం. విప్లవం తర్వాత నిరుద్యోగుల కోపం చల్లార్చడానికి ఉద్యోగాలిచ్చుకుంటూ పోయిన ప్రభుత్వాలకు, బలమైన యూజీటీటీ కార్మిక సంఘం ఎదురుగా ఉండగా, అది అయ్యే పని కాదు. ట్యునీషియా కరెన్సీ దినార్ విలువను మార్కెట్‌కు వదిలేయమన్న షరతేమో సబ్సిడీలు తగ్గించాలన్న షరతుకే అడ్డం తిరిగింది. 2010లో డాలరుకు ఒకటిన్నర దినార్లు కూడా లేని మారకం 2019కి మూడు దగ్గరికి చేరింది. గోధుమలు, చమురు బయటినుంచి కొనే దేశం కాబట్టి, తగ్గించమన్న సబ్సిడీయే తడిసి మోపెడైంది. 2018 జనవరిలో వ్యాట్ 18 నుంచి 19 శాతానికి పెరగ్గానే జనం వీధుల్లోకి వచ్చారు. 2020 మార్చిలో ఒప్పందాన్ని గడువుకు ముందే ముగించారు. అప్పటికి అందింది 160 కోట్ల డాలర్లే.

ఇంతకంటే బాధ కలిగించే లోపం ఖాతా పుస్తకాల్లో కనపడదు. 2014 రాజ్యాంగం 12 మంది సభ్యులతో రాజ్యాంగ న్యాయస్థానం పెట్టమంది. నలుగురిని పార్లమెంటు, నలుగురిని న్యాయమండలి, నలుగురిని అధ్యక్షుడు ఎంపిక చేయాలి. పార్లమెంటులో గెలవాలంటే 217లో 145 ఓట్లు రావాలి. 2018లో ఒక్క అభ్యర్థి ఆ గీత దాటారు, మిగతా మూడు స్థానాలు తేలనే లేదు. 2021 జూలై 25న అధ్యక్షుడు కైస్ సయీద్ అత్యవసర అధికారాలిచ్చే 80వ అధికరణం చూపించి పార్లమెంటును స్తంభింపజేస్తే, అది చెల్లుతుందో లేదో చెప్పాల్సిన కోర్టే దేశంలో లేదు.

ఐఎంఎఫ్ పరిధిలోకి కోర్టులు రావు, సరే. యూరోపియన్ యూనియన్ స్థూల ఆర్థిక సాయానికి మాత్రం బహుళ పార్టీల పార్లమెంటు, చట్టబద్ధ పాలన ముందస్తు షరతు. అయినా 60 కోట్ల యూరోల రుణంలో రెండో విడత 30 కోట్లు 2022 మేలో విడుదలయ్యాయి. పార్లమెంటు పూర్తిగా రద్దయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. తాను రాసుకున్న షరతును తానే వదిలేసిన సంస్థకు ఇక్కడ సున్నా తప్ప ఇవ్వలేం.

2023 జూలై 16న యూరోపియన్ యూనియన్‌కూ ట్యునీషియాకూ కుదిరిన అవగాహన ఒప్పందంలో వలసల అదుపుకు 10.5 కోట్ల యూరోలు కేటాయించారు. రాజ్యాంగ న్యాయస్థానం 2022 నాటి కొత్త రాజ్యాంగంలోనూ ఉంది, కాగితం మీదే.