చిన్న రేస్ కారును లాగడానికి పాత సబర్బన్ 2500: కొన్నేళ్లు వాడిన తర్వాత

రోల్ కేజ్ (బోల్తా పడితే లోపలివాళ్లను కాపాడే ఇనుప చట్రం) బిగించి, ఏసీ, వెనక తివాచీ తీసేసి, ట్రాక్ టైర్లు వేసిన కారును టెక్సస్ హైవేల మీద నాలుగైదు గంటలు నడుపుకుంటూ వెళ్లడం ఒంటికి గానీ కారుకు గానీ మంచిది కాదు. అంతకన్నా ముఖ్యం, ట్రాక్ మీద చక్రాన్ని పట్టి ఉంచే ఏ విష్‌బోనో విరిగితే తిరిగి ఇంటికి చేరే దారి ఉండదు. డాలస్ దగ్గర ఉండి అప్పుడప్పుడు క్రెసన్, ఈగిల్స్ కాన్యన్, ఓక్లహోమాలోని హాలెట్ ట్రాకులకు వెళ్లే నాకు ట్రెయిలర్, దాన్ని లాగే బండి రెండూ కావలసి వచ్చింది అందుకే. 1990ల నాటి మజ్డా మియాటా అనే నా చిన్న రేస్ కారును లాగడానికి చవకగా కొన్న షెవ్రొలే సబర్బన్ 2500 అనే పెద్ద ఎస్‌యూవీ గురించి, దాన్ని ఎంచుకోవడానికి చేసిన వెతుకులాట గురించి కొన్నేళ్ల వాడకం తర్వాత ఇది రాస్తున్నాను.

ముందు బరువుల సంగతి. ఆ తరం మియాటా ఇంచుమించు 2,200 పౌండ్లు. పద్దెనిమిది అడుగుల మామూలు ఇనుప ట్రెయిలర్ మరో 2,000 దాకా తూగుతుంది. అదనపు చక్రాలు, జాకీ, పనిముట్లు, పెట్రోలు డబ్బాలు, ఎండకు వేసుకునే గుడారం, మంచినీళ్లు కలిపితే ఇంకో 500 సులువుగా చేరతాయి. అంటే చిన్న కారు అనుకున్నది రోడ్డెక్కేసరికి 4,700 పౌండ్ల బరువు అవుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే హోండా ఒడిస్సీ, టొయోటా సియెన్నా మినీవ్యాన్ల లాగుడు పరిమితి 3,500 పౌండ్లే కాబట్టి వాటి ఊసు అక్కడితో ముగుస్తుంది. వీ6 ఇంజిన్ ఉన్న టొయోటా హైలాండర్‌కు 5,000 పౌండ్ల వరకు అనుమతి ఉంది కదా, సరిపోదా అని చాలామంది అడుగుతారు. కాగితం మీద సరిపోతుంది. కానీ ట్రెయిలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం, బండి వెనక దాన్ని తగిలించే హిచ్ బంతి మీద పడాలి, లేకపోతే ట్రెయిలర్ తోక ఊపుతుంది. ఆ ఐదారు వందల పౌండ్లు, లోపల కూర్చునే మనుషులు, వెనక సర్దిన సామాను అన్నీ లాగే బండి మోయగలిగే బరువు నుంచే పోతాయి. డ్రైవర్ తలుపు చట్రం మీద అతికించిన చీటీలో ఆ పరిమితి ఎంతో రాసి ఉంటుంది. అమ్మేవారు ఎంతో ఉత్సాహంగా చెప్పే లాగుడు సంఖ్య కంటే ముందు చూడవలసింది ఆ చీటీనే.

వెతకడం మొదలుపెట్టినప్పుడు నా జాబితాలో అందరి జాబితాల్లోనూ ఉండే బండ్లే ఉన్నాయి. మొదటి తరం టొయోటా సెక్వోయా మంచి బండే, దాని 4.7 లీటర్ల వీ8 ఇంజిన్‌కు దీర్ఘాయువని పేరు. కానీ ఆ పేరుకే అదనంగా డబ్బు కట్టాలి. పైగా ప్రతి 90,000 మైళ్లకు టైమింగ్ బెల్టు మార్చాలి, లాగుడు పరిమితి 6,000 పౌండ్ల పైచిలుకు దగ్గర ఆగిపోతుంది. ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్‌లో 5.4 లీటర్ల, సిలిండరుకు మూడు వాల్వుల ఇంజిన్ ఉన్న తొలి సంవత్సరాల బండ్లలో స్పార్క్ ప్లగ్గులు తీసేటప్పుడు లోపలే విరిగిపోవడం మెకానిక్‌లందరికీ తెలిసిన కథ. డీజిల్ పికప్ అద్భుతంగా లాగుతుంది, సందేహం లేదు. అయితే నాలుగు వేల డాలర్లు చేయని మియాటా కోసం పదిహేను వేలు పెట్టి పాత డీజిల్ కొని, దాని ఇంజెక్టర్లకు మరికొన్ని వేలు పోయడం ముప్పావలా కోడికి మూడు రూపాయల దిష్టి తీసినట్టే. కాంట్రాక్టర్లు వాడి వదిలేసిన షెవ్రొలే ఎక్స్‌ప్రెస్ వ్యాన్లు మాత్రం నిజంగా ఆలోచించదగినవి. అందం సున్నా గానీ చవక, లోపల పరుపు వేసుకుని ట్రాక్ దగ్గరే పడుకోవచ్చు. పిల్లలు లేకపోతే నేను అదే కొనేవాడిని.

చివరికి నా ఎంపిక 2000 నుంచి 2006 వరకు వచ్చిన తరంలోని సబర్బన్ దగ్గర నిలిచింది. అదీ 1500 కాదు, 2500. బయటి నుంచి రెండూ ఒకే బండిలా కనిపిస్తాయి, ధరలో కూడా తేడా పెద్దగా ఉండదు, చాలాసార్లు అమ్మేవారికే తేడా తెలియదు. కానీ 1500లో ఉండేది 5.3 లీటర్ల ఇంజిన్, 4ఎల్60-ఈ అనే ట్రాన్స్‌మిషన్ (గేర్లు మార్చే పెట్టె). ఇంజిన్ గట్టిదే, ఆ ట్రాన్స్‌మిషన్ మాత్రం ఎండాకాలంలో ఓవర్‌డ్రైవ్ అనే అన్నిటికన్నా పై గేరులో బరువు లాగితే వేడెక్కి అలిసిపోతుందని పేరు తెచ్చుకున్నది. 2500లో 6.0 లీటర్ల ఇంజిన్‌కు 4ఎల్80-ఈ జతగా వస్తుంది. టర్బో 400 అనే పాత ట్రాన్స్‌మిషన్ నుంచి పుట్టిన ఇది మొరటుది, బరువైనది, కాస్త ఎక్కువ పెట్రోలు తాగుతుంది, కానీ లాగడానికి పుట్టినది. పాత లాగుడు బండి కొనేవారు ఇంజిన్‌ను చూసి మురిసిపోకుండా ట్రాన్స్‌మిషన్‌ను చూసి కొనాలన్నది నా గట్టి అభిప్రాయం. గుర్రపు శక్తి గురించి ప్రకటనలో పెద్దక్షరాలతో రాస్తారు. పాడైతే బండి ధరలో సగం మింగేసే భాగం గురించి ఒక్క ముక్క కూడా రాయరు.

ఏది ఏదో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ప్రకటనలోని ఫొటోలో చక్రం బోల్టులు లెక్కపెట్టాలి: ఆరు ఉంటే 1500, ఎనిమిది ఉంటే 2500. అక్కడికి వెళ్లాక విన్ నంబరులో (బండి గుర్తింపు సంఖ్యలో) ఎనిమిదో అక్షరం యు అయితే అది 6.0 లీటర్ల ఇంజిన్, టి అయితే 5.3. గ్లోవ్ బాక్సు తెరిస్తే చిన్న చిన్న సంకేతాలు వరుసగా అచ్చువేసిన తెల్లటి చీటీ కనిపిస్తుంది. అందులో ఎంటీ1 ఉంటే 4ఎల్80-ఈ, ఎం30 ఉంటే 4ఎల్60-ఈ. జీటీ4 అంటే వెనక ఇరుసు నిష్పత్తి 3.73, జీటీ5 అంటే 4.10. నా బండిది 3.73. మియాటా బరువుకు అది చాలు, 4.10 ఇంకా తేలికగా లాగుతుంది గానీ ఖాళీగా తిరిగేటప్పుడు పెట్రోలు బంకు వారికి మేలు చేస్తుంది.

పాత బండిని చూడటానికి వెళ్లేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే చెప్పాలి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. ఈ ఇంజిన్లలో పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చివరి బోల్టులు విరగడం సాధారణం. విరిగితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాలు టిక్ టిక్ మని సన్నటి చప్పుడు వస్తుంది, లోహం వేడెక్కి వ్యాకోచించాక ఆగిపోతుంది. ముందే వేడి చేసి ఉంచిన బండిలో ఈ చప్పుడు వినపడదు. దానివల్ల బండి ఆగిపోదు, కానీ ధర తగ్గించడానికి బాగా పనికొస్తుంది. తర్వాత ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ తీసి తెల్లటి కాగితం మీద తుడవాలి. ఎర్రగా ఉంటే సరే, కాస్త ముదిరిన ఎరుపైనా ఫరవాలేదు. గోధుమరంగులో ఉండి మాడిన వాసన వస్తే మాట కలపకుండా నమస్కారం పెట్టి వచ్చేయడం మంచిది. డ్యాష్‌బోర్డు మీద ఒకటి రెండు ముళ్లు తప్పు చూపిస్తుంటే కంగారు అక్కరలేదు. 2003 నుంచి వచ్చిన బండ్లలో ఆ ముళ్లను తిప్పే చిన్న మోటార్లు అరిగిపోవడం మామూలు విషయం, తక్కువ ఖర్చుతో మార్చేవారు దొరుకుతారు. ఉత్తరాది రాష్ట్రాల నుంచి వచ్చిన బండి అయితే మాత్రం నేల మీద పడుకుని, టార్చిలైటు వేసి బ్రేక్ గొట్టాలు చూడాలి. మంచు మీద చల్లే ఉప్పుకు ఆ ఉక్కు గొట్టాలు తుప్పుపట్టి, గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో పగులుతాయి. టెక్సస్‌లో పుట్టి పెరిగిన బండిలో ఈ బాధ లేదు. 2025 జనవరి నుంచి ఇక్కడ సొంత వాహనాలకు ఏటేటా చేసే భద్రతా తనిఖీ కూడా ఎత్తేశారు కాబట్టి, స్టిక్కర్ ఉంది కదా అని ధీమాగా ఉండే రోజులు పోయాయి, కొనేవాడే ఇన్‌స్పెక్టర్.

నాకు అమ్మినాయన గుర్రాల ట్రెయిలర్ లాగేవాడు. హిచ్ గొట్టం లోపల రంగు పోయి అద్దంలా మెరుస్తూ ఉండటం చూసి మొదట జంకాను. కానీ ప్రతి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ మార్పు రసీదూ గ్లోవ్ బాక్సులో రబ్బరు బ్యాండు వేసి దాచాడు. ఎప్పుడూ ఏమీ లాగలేదని ప్రమాణం చేసే బండి కంటే, లాగుతూ సేవ చేయించుకున్న బండే మేలు.

ఇక వాడకం. సమతలం మీద గంటకు 65 మైళ్ల వేగంతో వెళ్తుంటే వెనక మియాటా ఉన్నట్టే తెలియదు. గేరు కడ్డీ చివరనున్న టో/హాల్ మీట నొక్కితే గేర్లు ఆలస్యంగా మారతాయి, మాటిమాటికీ పైకీ కిందికీ వెతుక్కోవడం తగ్గుతుంది. ఐ-35 మీద ఓక్లహోమాలో అర్బకిల్ కొండలు ఎక్కేటప్పుడు మాత్రం ఈ బండి వయసు బయటపడుతుంది. నాలుగే గేర్లు, అందులోనూ మూడుకూ రెండుకూ మధ్య దూరం ఎక్కువ. మూడులో ఎక్కలేక రెండుకు దిగిందంటే ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది, లోపల మాటలు వినపడవు. ఉష్ణోగ్రత ముల్లు మాత్రం ఆగస్టు ఎండలో కూడా కదలదు. దిగేటప్పుడు కడ్డీని మూడులోకి లాగి ఇంజిన్‌నే బ్రేకుగా వాడుకోవాలి. పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు వచ్చే గాలి తోపుడును ఈ బండి తేలిగ్గా తీసుకుంటుంది. చక్రాల మధ్య 130 అంగుళాల దూరం, సొంత బరువు అక్కడ ఉపయోగపడతాయి. ఇదే తరం షెవ్రొలే టాహోలో ఆ దూరం 116 అంగుళాలే. ఒక మిత్రుడి టాహోతో ఇదే ట్రెయిలర్‌ను లాగి చూశాను. ఎదురుగాలి రోజున తేడా రెండు చేతులకూ తెలిసింది.

ఆగడం గురించి రాజీ పడకూడదు. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు ఉండటం చట్టం. వాటిని నడిపించే కంట్రోలర్ బండిలో ఉండాలి. ఈ సబర్బన్‌లో డ్యాష్‌బోర్డు కింద దానికి కావలసిన తీగలు కంపెనీ నుంచే వస్తాయి కాబట్టి బిగించడం ఒక సాయంత్రం పని. బండి ఆగే తీరును బట్టి ట్రెయిలర్ బ్రేకును పెంచే రకం కంట్రోలర్ కొనాలి. బండి ఎలా ఆగుతున్నా ముందే పెట్టిన సమయం ప్రకారం బ్రేకు పెంచే చవక రకంతో సిగ్నల్ దగ్గర ప్రతిసారీ కుదుపు తప్పదు. ట్రెయిలర్ విషయంలో ఒక్క మాట. నేను వాడినదే కొన్నాను. అమ్మిన వ్యక్తి టైర్లు కొత్తవన్నాడు, గీతలు నిజంగానే కొత్తగా ఉన్నాయి. టైరు పక్కన నాలుగంకెల సంకేతంలో వారం, సంవత్సరం చూస్తే అవి తొమ్మిదేళ్ల పాతవి. నాలుగూ మార్పించి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకున్నాను. ట్రెయిలర్ టైర్లు అరిగి కాదు, ఎండి చస్తాయి.

పెట్రోలు ఖర్చు దాచవలసిన పని లేదు. లాగేటప్పుడు గాలనుకు 10 మైళ్లు, ఎదురుగాలి ఉంటే తొమ్మిది, ఖాళీగా 13. లాగేటప్పటిది మన లెక్కలో లీటరుకు నాలుగు కిలోమీటర్ల చిల్లర. పూర్తి భారంతో 8,500 పౌండ్లు దాటిన తరగతి కావడంతో ప్రభుత్వ మైలేజీ చీటీయే దీనికి లేదు. ఈ మాట కొనేవారికి ఎవరూ ముందుగా చెప్పరు. రోజూ ఆఫీసుకు దీనిలో వెళ్లాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. 219 అంగుళాల పొడవు కారణంగా కొత్త కాలనీల గరాజుల్లో ఇది పట్టదు. ట్రెయిలర్‌ను ఇంటి ముందు ఉంచడానికి మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదు కాబట్టి నెలనెలా నిల్వ స్థలానికి అద్దె కట్టాలి. చవక బండి లెక్కలో దాన్ని కూడా వేసుకోవాలి. మరోవైపు, ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తామామలు ఒకే విమానంలో దిగినప్పుడు ఎనిమిది పెద్ద పెట్టెలు, నలుగురు పెద్దవాళ్లు, ఆవకాయ డబ్బాలతో సహా ఒక్క విడతలో ఇంటికి చేరాం. ఆ రోజు నుంచి ఇంట్లో ఈ బండిని అమ్మేయమని ఎవరూ అనలేదు.

బండిని ఇంకా ఉంచుకున్నాను. దీని బదులు మరొకటి కొనవలసి వస్తే, 2013 వరకు అమ్మిన తర్వాతి తరం సబర్బన్ 2500నే చూస్తాను. ఇంజిన్ అదే 6.0 లీటర్లు, కానీ ఆరు గేర్లు. అర్బకిల్ కొండ మీద రెండో గేరు అరుపు దానిలో ఉండదు. ధర ఇంకా దిగిరాలేదు కాబట్టి ప్రస్తుతానికి చూస్తూ ఉన్నాను.