కెర్నెల్ మారినా సౌండ్ నిలబడుతుందా? ఐదేళ్ల వాడకం తర్వాత నా మాట

ఐదేళ్లుగా ఒకే ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వాడుతున్నాను. ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతాను కాబట్టి స్పీకరు, మైకు రెండూ నాకు పనిచేసి తీరాలి. ఇన్నేళ్లలో కెర్నెల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) అప్‌గ్రేడ్ అయ్యాక సౌండ్ పోయింది మూడుసార్లే. ఆ మూడుసార్లూ తప్పు డ్రైవర్‌ది (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) కాదు, ఏదో ఒక ఫైలో ప్యాకేజీయో అందకపోవడమో, మ్యూట్‌లో ఉండటమో.

మొదటిసారి క్లాసుకు పది నిమిషాల ముందు చూసుకున్నాను. సెట్టింగ్స్‌లో స్పీకర్ పేరు ఉండాల్సిన చోట ‘డమ్మీ అవుట్‌పుట్’ అని ఉంది, అంటే సిస్టమ్‌కు సౌండ్ కార్డే కనబడలేదని. టెన్షన్‌లో, ఎక్కడో చదివిన చిట్కా వాడేశాను. మోడ్‌ప్రోబ్ (డ్రైవర్లను లోడ్ చేసే టూల్) సెట్టింగ్‌లో డీఎస్‌పీ (సౌండ్ పనులు చూసే ప్రాసెసర్) డ్రైవర్ విలువ 1 అని రాసి రీస్టార్ట్ చేశాను. డీఎస్‌పీని వాడని పాత హెచ్‌డీఏ డ్రైవర్ లోడ్ అయింది, పాట వినిపించింది. క్లాసు మొదలవగానే పిల్లలు “సార్, మీ మాట వినబడట్లేదు” అన్నారు. ల్యాప్‌టాప్ లోపలి డిజిటల్ మైకులు డీఎస్‌పీకి కలిపి ఉంటాయి, పాత డ్రైవర్‌కు అవి కనబడవు. ఆ రోజు ఫోన్‌లోనే పాఠం చెప్పాను.

సాయంత్రం తీరిగ్గా కెర్నెల్ లాగ్ తెరిస్తే విషయం అక్కడే ఉంది: సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ (డీఎస్‌పీలో నడిచే ప్రోగ్రాం) లోడ్ కాలేదు, ఎర్రర్ -2. అంటే ఆ ఫైలే లేదని. కొత్త కెర్నెల్ అడిగిన ఫైల్ నా పాత ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో లేదు. ప్యాకేజీ అప్‌డేట్ చేసి, నేను రాసిన 1 తీసేసి రీస్టార్ట్ చేశాను. మైకూ స్పీకరూ రెండూ వచ్చాయి. ఈ సమాచారం సెట్టింగ్స్ విండోలోనే కనిపించాలని నా గట్టి అభిప్రాయం. ‘డమ్మీ అవుట్‌పుట్’ అన్న రెండు మాటలు చూసి కొత్తవాళ్లకు ఏం అర్థమవుతుంది?

రెండోసారి కెర్నెల్ వచ్చింది గానీ దాని ఎక్స్‌ట్రా మాడ్యూల్స్ (కెర్నెల్‌కు విడిగా జతయ్యే డ్రైవర్ ముక్కలు) ప్యాకేజీ రాలేదు. నా సిస్టమ్‌లో సౌండ్ మాడ్యూల్స్ అందులోనే ఉండేవి. అది ఇన్‌స్టాల్ చేస్తే సరిపోయింది.

మూడోసారి అంతా సరిగ్గానే ఉంది, శబ్దం మాత్రం లేదు. టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ (వాల్యూమ్, మ్యూట్ సర్దే టూల్) తెరిచి, ఎఫ్6 నొక్కి అసలు కార్డు ఎంచుకున్నాను. స్పీకర్ గడి కింద ‘ఎంఎం’ అని ఉంది, అంటే మ్యూట్. ఎం కీ నొక్కితే ‘00’ అయింది, స్పీకర్ పలికింది.

2003లో వచ్చిన 2.6 కెర్నెల్ నుంచీ ఆల్సా (లైనక్స్ సౌండ్ డ్రైవర్ల వ్యవస్థ) కెర్నెల్‌లో భాగమే. అందుకే డ్రైవర్ సోర్స్ దించి కంపైల్ చేయమనే పాత సలహాలు నేను పట్టించుకోను. పైప్‌వైర్‌కు (యాప్‌ల సౌండ్‌ను స్పీకర్లకు, హెడ్‌సెట్లకు చేర్చే సర్వీసు) మారాక బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఎప్పుడైనా మొరాయిస్తే ఆ సర్వీసు ఒక్కటీ రీస్టార్ట్ చేస్తే చాలు.

పాత కెర్నెల్‌ను మాత్రం వెంటనే తీసేయకండి. గ్రబ్ మెనూలోకి (ల్యాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు ఏ కెర్నెల్ కావాలో ఎంచుకునే చోటు) వెళ్లి దాంతో బూట్ చేస్తే ఆ పూట పని గడుస్తుంది. నేనిప్పుడు వారంలో చివరి క్లాసు అయ్యాకే అప్‌గ్రేడ్ చేస్తాను. రీస్టార్ట్ కాగానే స్పీకర్ టెస్ట్ నడిపి ఎడమా కుడీ విని, పది సెకన్లు నా గొంతు రికార్డు చేసుకుని వింటాను.